మూడో విలువ

ఒరెగాన్‌లోని ఆ సామిల్లులో రంపాన్ని నడిపే కోడ్ రాసేది కార్బిన్, లైల్ ఇద్దరే. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే కార్బిన్, మిగిలిన ఒక్క చేత్తో లైల్ జుట్టు పట్టుకుని ముఖాన్ని టేబుల్‌కేసి బాదాడు. పన్ను ఊడి కీబోర్డు మీద పడింది.

“సెన్సర్ మూడు విలువలు పంపుతుంది కదరా. దుంగ పొడవు, వేగం, రంపం దగ్గర మనిషున్నాడా లేదా. రెండింటికి పేర్లు పెట్టి, మూడోదాన్ని కోడ్ పట్టించుకోకుండా దాని చోట ఉత్త గీత పెట్టి పారేశావు. నా చెయ్యి తెచ్చిస్తావా?”

మళ్లీ బాదాడు.

లైల్ నెత్తురు ఉమ్మి, ఆ లైను ఎవరు రాశారో చూపించే పేజీ తెరిచాడు. “నువ్వే చదువుకో.”

పేరు కార్బిన్‌ది. పక్కనే అతను పెట్టిన వివరణ: “ఎవరు అటు నడిచినా రంపం ఆగిపోతోంది. విసుగొచ్చి మూడోది వదిలేశా.”

అది టైపు చేసిన రోజు అతనికి రెండు చేతులూ ఉన్నాయి.