చెమట ఉప్పు, మడి ఉప్పు

మా ఊళ్లో ఇప్పుడు బీపీ మాత్రలు మింగేవాళ్లు లేరు. మోచేతికి అంటించిన బిళ్ల చెమటను చూసి, ఒంట్లో ఉప్పు ఎక్కువైతే నీరు తీసే మందు తనే ఎక్కిస్తుంది.

ఉప్పుమడుల్లో పనిచేసేవాళ్లు మాత్రం వరసగా కళ్లు తిరిగి పడిపోసాగారు. మా మామకైతే రెండు రోజులు మూత్రమే సరిగా రాలేదు. కిడ్నీలు దెబ్బ తింటున్నాయన్న డాక్టరు, బిళ్ల మాత్రం బాగానే ఉందన్నాడు.

మా అత్త సింహాద్రమ్మ మామ చేతి మీది ఉప్పు వేలితో తీసి నాకింది.

"సేదుగుంది. ఇది సెమటుప్పు కాదు బాబూ, మడుప్పు. బిళ్లకేటి తెలుస్తాది? ఒంట్లో ఉప్పనుకోని ఉన్న నీరంతా తోడేస్తంది."

బిళ్ల పీకేసి గంజి తాగించింది. మామ కోలుకున్నాక, మడి దిగి వచ్చిన ప్రతివాళ్ల చేతులూ మంచినీళ్లతో తనే కడిగించింది. ఆ తర్వాత ఎవరూ పడిపోలేదు. బిళ్లలు చేసేవాళ్లు వచ్చి ఆమె మాట రికార్డు చేసుకువెళ్లారు.

నిన్న రైల్లో నా ఎదురుగా కూర్చున్న సూటు పెద్దమనిషి చేతి మీది బిళ్ల మాట్లాడింది. "ముందు సెయ్యి కడుక్కో, నాయినా."

ఆయన బుద్ధిగా లేచి కడుక్కొచ్చాడు. అడక్కపోయినా చెప్పాను, ఆవిడ మా అత్తని.