గోడలో నానమ్మ

పోయిన మా అమ్మ పేరు జోగులాంబ. మా పాప పుట్టిన ఇరవై ఒకటో రోజున పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో ఆ పేరే రాసి, పాప చెవిలో మూడుసార్లు పిలిచాను. మూడుసార్లూ గోడలోంచి అమ్మే పలికింది: "వస్తున్న బిడ్డా!"

అందరిళ్లలోలాగే మా గోడలోనూ పోయిన మనిషి గొంతుంది. పేరు వింటే పలుకుతుంది.

"అమ్మ గొంతు బంద్ చేయిద్దామా నాయినా?" అని అడిగాను.

నాయిన తల అడ్డంగా ఊపాడు. "నలభై ఏండ్లు దాన్ని పేరు పెట్టి పిల్వలే. ఇప్పుడు పిలుస్తున్న, పలుకుతున్నది. ఉండనీయ్."

పేరూ ఉంచాం, గొంతూ ఉంచాం.

పాపకిప్పుడు ఏడాది దాటింది. "జోగులాంబా" అని పిలిస్తే నా వైపు తిరగదు. గోడకేసి చూస్తూ, నానమ్మ ఎప్పుడు పలుకుతుందా అని ఎదురుచూస్తుంది.