మూడో షెడ్డు తాళాలు

షెడ్డు మూసేస్తున్నారన్న సంగతి మేస్త్రికి క్యాంటీనువాడు చెప్పాడు. టీ గ్లాసు అందిస్తూ, చక్కెర సరిపోయిందా అని అడిగినంత మామూలుగా చెప్పాడు. ఆ కార్ల ఫ్యాక్టరీలో ఏ సంగతైనా ముందు క్యాంటీనుకే తెలుస్తుంది. ఎవరి పని పోతుందో వాళ్లకి అందరికన్నా చివర తెలుస్తుంది.

అతని అసలు హోదా సూపర్‌వైజరు. ఊరికే నిలబడి చూడడం చేతకాక ప్రతి పనిలోనూ తనూ ఒక చెయ్యి వేస్తాడని అందరూ మేస్త్రి అంటారు.

మధ్యాహ్నం మేనేజరు పిలిపించి అదే మాట మర్యాదగా చెప్పాడు. మూడో షెడ్డులో ఉన్న లైను తీసేసి వేరే లైను పెడతారు. ఊడదీసే పని మేస్త్రే దగ్గరుండి చేయించాలి. ఆ మిషన్ల సంగతి అతనికన్నా బాగా తెలిసినవాళ్లు లేరట. నీ గొయ్యి నువ్వే తవ్వుకోమనే మాటను ఇంత చక్కగా కూడా చెప్పొచ్చని మేస్త్రికి అప్పుడే తెలిసింది.

"ఆ లైనులో నాకేమైనా చోటుంటుందా సార్? ఏ పనైనా చేస్తాను."

మేనేజరు కంప్యూటరు వంక చూస్తూ, అది తన చేతిలో లేదన్నాడు. ఇన్‌చార్జి బయటినుంచి వస్తున్నాడు. మనుషుల్ని ఆయనే ఎంచుకుంటాడు. తాళాలు ఇచ్చేటప్పుడు అడిగి చూడమన్నాడు.

ఇలాంటి రోజు వస్తుందని మేస్త్రికి అనుమానం ఉండనే ఉంది. పేపర్లు పూటకో మాట రాస్తున్నాయి. ఒకరోజు పెట్రోలు బండికి నూకలు చెల్లాయంటాయి. మర్నాడు చార్జింగు అయిపోయి నడిరోడ్డు మీద ఆగిన కారు ఫొటో వేస్తాయి. ఈ గొడవంతా ఎందుకు, రెండూ ఉన్న హైబ్రిడ్డే మేలని మూడో రోజు ఇంకెవరో తేలుస్తారు. మేస్త్రి మటుకు పాత పెట్రోలు స్కూటరు మీదే డ్యూటీకి వస్తాడు. బ్యాటరీది కొనమని కూతురు పోరుపెడితే, మనముండేది మూడో అంతస్తు, వైరు కిటికీలోంచి వేలాడదీస్తావా అని నవ్వేసేవాడు.

ఊడదీత మొదలైంది. రబ్బరు గ్లవుజులు వేసుకుని మనుషులు బోల్టులు విప్పారు. ఒకడు లారీ ఎక్కించబోయే మిషన్ని గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. అత్తారింటికి పంపుతున్నావా అని పక్కవాడు నవ్వబోయి, మేస్త్రి మొహం చూసి ఆగిపోయాడు.

వాళ్లుండేది కంపెనీ క్వార్టరు. పని పోతే ఇల్లూ పోతుంది. భార్య ఆ వారమంతా కంచం ముందు పెట్టేసి అవతలికి వెళ్లిపోయేది. ఆమె కోపానికి ఇల్లొక్కటే కారణం కాదని మేస్త్రికి తెలుసు.

ఆమె అన్న, మేస్త్రికి బావ, ఇదే షెడ్డులో పని చేసేవాడు. మేస్త్రిని చెయ్యి పట్టుకుని ఈ ఫ్యాక్టరీలోకి తెచ్చింది అతనే. స్పానరు పట్టడం నేర్పింది అతనే. పెళ్లిలో వేలికి ఉంగరం తొడిగిందీ అతనే. మూడేళ్ల కిందట షెడ్డులో సగానికి పైగా మనుషుల్ని పంపేసినప్పుడు బావ కూడా పోయాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, తలుపు పక్క కుర్చీలో కూర్చుని, మేనేజరుతో ఒక్క మాట చెప్పమన్నాడు. మేస్త్రికి అప్పుడే ప్రమోషను వచ్చింది. నోరు విప్పితే తనకే ఎసరొస్తుందని భయపడ్డాడు.

"కాలం మారింది బావా. నేనేం చెయ్యను?" అన్నాడు.

బావ టీ సగంలో వదిలేసి లేచాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు. రోడ్డు పక్కన పంక్చర్లు వేసుకుంటున్నాడని తర్వాత ఎవరో చెప్పారు. మేస్త్రి ఆ రోడ్డున పోవడం మానేశాడు.

తాళాలు అప్పజెప్పాల్సిన రోజు పొద్దున భార్య బీరువాలోంచి ఆ ఉంగరం తెచ్చి అతని ముందు పెట్టింది. షెడ్డులో ఉంగరాలు, గొలుసులు కూడదని రూలు పెట్టినప్పుడు అతను తీసి దాచమన్న ఉంగరం.

"ఇక అడ్డేముంది, పెట్టుకోండి," అంది. "వచ్చేది ఎవరైనా సరే, తలొంచుకుని అడగండి. పిల్లనేసుకుని ఎక్కడికి పోతాం?"

మేస్త్రి పెట్టుకున్నాడు.

షెడ్డు ఖాళీగా ఉంది. మిషన్లుండిన చోట నేలలో బోల్టుల గుంటలు మిగిలాయి. మేస్త్రి తాళాల గుత్తి పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఏమని అడగాలో దారంతా అనుకుంటూనే వచ్చాడు. లారీలు వరసగా వచ్చి ఆగాయి. మొదటి లారీలోంచి ఇన్‌చార్జి దిగాడు.

ఎవరైనా రావచ్చు, ఈ ఒక్క మనిషీ రాకూడదని మేస్త్రి వారం నుంచి లోలోపల మొక్కుకుంటున్నాడు. జుట్టు నెరిసింది. నడక మాత్రం అదే.

"బావా," అన్నాడు మేస్త్రి. "ఒక్క మాట..."

బావ తాళాలు అందుకున్నాడు. మేస్త్రి వేలికున్న ఉంగరం వంక చూశాడు. మొహంలో కోపం లేదు. కోపమున్నా బాగుండేదని మేస్త్రికి అనిపించింది.

"కాలం మారింది బావా," అని బావే అన్నాడు. "నేనేం చెయ్యను?"

అతని వెనక లారీల్లోంచి, మూడేళ్ల కిందట బ్యాటరీల లైనుకి చోటు చెయ్యడానికి మేస్త్రి తన చేతులతోనే విప్పి గోడౌనుకి పంపేసిన, బావకన్నా బాగా తెలిసినవాళ్లెవరూ లేని పెట్రోలు ఇంజన్ల మిషన్లు ఒక్కొక్కటే దిగి మళ్లీ మూడో షెడ్డులోకి వెళ్తున్నాయి.