ఉప్పు వేయమన్న మనిషి

ఈశ్వరి అత్త అంజనమ్మకు దేవుడి మీద ఉన్న భక్తి ఒకెత్తు, పథ్యం మీద ఉన్న భక్తి ఒకెత్తు. జలుబు చేసిందని దూడను కూడా రెండు రోజులు తల్లి దగ్గరికి పోనివ్వని మనిషి.

అటువంటి అత్త చేతికి కొడుకు జయరాముడి మందు చిక్కింది.

పట్టుచీర అంచు నేయడంలో ధర్మవరంలో ఈశ్వరి భర్త జయరాముడికి సాటి లేదు. పందొమ్మిది వందల యాభై ఏడులో ఉన్నట్టుండి నిద్ర మానేశాడు. ఆగని మాటలు, పాటలు. నేసిన చీరలు దారిన పోయేవాళ్లకు పంచేశాడు. బెంగుళూరు డాక్టరు లిథియం అని కొత్త మందిచ్చాడు. నెల తిరిగేసరికి మనిషి మళ్లీ మగ్గం గుంటలోకి దిగాడు.

"ఆ మందు ఒక రకం ఉప్పేనంట అత్తా" అని ఈశ్వరి చెప్పడమే తప్పయింది.

"మందే ఉప్పయితే మల్లా కూట్లో ఉప్పెందుకే? ఇంగ వానికి చప్పిడి కూడే!"

రెండు వారాలకు ఒకాయన వాకిట్లో నిలబడ్డాడు.

"నా పేరు సాబ్జాన్ తల్లీ. మాది పెనుకొండ. బెంగుళూరులో మీ డాక్టరు దగ్గర పని జేస్తా. జయరాముడన్న ఉప్పు తింటాండాడా?"

"నువ్వేమన్నా డాక్టరువా?" అంది అంజనమ్మ.

"కాదమ్మా. ఆడ ఎలుకలకు మేత పెడతా."

అంజనమ్మ నవ్వు వీధి చివరిదాకా వినిపించింది.

"ఎలుకలోడొచ్చి నా కొడుక్కి పథ్యం చెప్తాండాడు, వినండ్రా!"

"నవ్వద్దమ్మా. ఎలుకలకూ ఇదే మందు. తొడ నరానికి కరెంటు తాకిస్తే కాలు ఠక్కున ఎగరాల. ఒక వారం మేతలో ఉప్పెయ్యడం మర్సిపోతిని. కాలు నిదానంగా ఎగిరింది. కొన్నిటికి ఎగర్నే లేదు. ఈడ్సుకుంటా తిరిగినాయి. కూట్లో ఉప్పు లేకుంటే ఈ మందే విషమైతాది. అందుకే మందు తినేవాళ్ల ఊర్లు ఆసుపత్రి పుస్తకంలో చూసుకోని తిరుగుతాండా. హిందూపురంలో ఇద్దరు నా మాట విన్న్యారు. అన్న చేతులు వణుకుతాండాయా?"

ఈశ్వరి మగ్గం వైపు చూసింది. పొద్దున్నే భర్త చేతిలోంచి, పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె రెండుసార్లు జారిపడింది.

చెప్పబోయింది. అత్త గుడ్లురిమి చూసింది. ఈశ్వరి తల దించుకుని లోపలికి పోయింది.

"పో అప్పా, పో! నీ ఎలకలకు ఆకలైతాంటాది."

"చిటికెడన్నా వెయ్యండమ్మా" అని దండం పెట్టి వెళ్లిపోయాడు.

అంజనమ్మ అంతటితో ఊరుకోలేదు. ఆసుపత్రి మనిషి ఇంటికొచ్చి పథ్యం చెడగొడుతున్నాడని డాక్టరుకు కార్డు రాయించింది. ఎనిమిదో తరగతి చదువుకున్న ఈశ్వరి అక్షరం పొల్లు పోకుండా రాసింది.

పన్నెండో రోజు జయరాముడు మగ్గం గుంటలోంచి లేవలేకపోయాడు. కాళ్లు కదలలేదు. మాట ముద్దయింది.

బెంగుళూరు రైలు హిందూపురం దాటేసరికి అతనికి స్పృహ తప్పింది.

నాలుగు రోజుల తర్వాత డాక్టరు వార్డులోంచి బయటికొచ్చాడు.

"ప్రాణానికి భయం లేదు. చేతులే... మళ్లీ పోగు పట్టుకుంటాడని చెప్పలేను. ఇంట్లో ఏం పెట్టారు?"

"చప్పిడి కూడే సామీ. ఉప్పుగల్లు తగలనీలేదు" అంది అంజనమ్మ.

డాక్టరు పక్కనున్న బెంచీ మీద కూలబడ్డాడు.

ఈశ్వరి ఇక ఆగలేకపోయింది.

"మీ సాబ్జాన్ వచ్చి ఉప్పు వెయ్యమనే చెప్పినాడు సార్. మేమే వినలేదు, నవ్వి పంపేసినాం. ఒక్కసారి పిలిపించండి, కాళ్లు పట్టుకుంటా."

"అతనిక్కడ లేడమ్మా. మీ కార్డు అందిన రోజే పనిలోంచి తీసేశాను. ఎటు పోయాడో తెలియదు."

అంజనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"పాపం నాది సామీ" అని గొణిగింది.

డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

"ఇంతమంది డాక్టర్లున్న చోట ఈ మందు గుట్టు కనిపెట్టింది అతనొక్కడేనమ్మా. ఆ ఎలుకల్ని తెచ్చి మొదట నా బల్ల మీదే పెట్టాడు. మేత పెట్టేవాడు నాకు చెప్పేదేమిటని మీకంటే ముందు నవ్వింది నేనే. తప్పు నాది."