కారు మీది కోరాగుడ్డ

“మళ్ల కొరికినయ్!” బానెట్ ఎత్తిన పరుశురాం, తెగిన వైరు పట్టుకుని లింబాయత్ గల్లీ అంతా వినబడేలా అరిచాడు. పొగాకు చల్లాడు, డాంబరు గోళీలు వేశాడు, బోను పెట్టాడు. ఎలుకలు లెక్కచేస్తేగా!

“అంత ఎదురింటి జశుబేన్ తోనే. కారు పక్కనే ఆవుకు రొట్టె ఏస్తది. తుకడలు పడితే ఎలుకలు రావా?”

“మొన్న నువ్వు లొల్లి వెట్టినప్పటి సంది ఆమె తలుపే తీస్తలేదు. మరి రాత్రి ఎట్ల కొరికినయ్?” అంది భార్య విజయరాణి, కారు మీంచి తీసిన గుడ్డను మడతపెడుతూ.

పరుశురాం మళ్లీ బానెట్ లోకి వంగాడు. ఆమె చేతులు ఆగాయి.

“దీనికి గిన్ని బొక్కలేంది? ఎక్కడి గుడ్డ ఇది?”

“మా కార్ఖానాదే. మరక పడ్డదని సేఠ్ ఇచ్చిండు. ఎలుకలు దూరొద్దని రెండు పొరలు కప్పిన.”

“ఉతికినవా?”

“మగ్గం మీంచి దిగిన కోరాగుడ్డ. కొత్తదాన్ని ఉతుకుడేంది?”

విజయరాణి గుడ్డను అరచేతుల మధ్య నలిపింది. తెల్లటి పొడి రాలింది. గంజి!

పడుగు నూలుకు పెట్టిన గంజికి ఎలుకలొస్తాయని, కార్ఖానాలో నూలు చుట్టిన బీములు నేల మీద పెట్టినవాళ్లందరినీ తిట్టేది పరుశురామే.

అతను బానెట్ మెల్లగా దించాడు. ఎదురింటి మూసిన తలుపు ముందు ఆవు నిలబడి గడప వైపే చూస్తోంది.

“నా డబ్బాల రొట్టెలు ఇటియ్యి.”

“గిప్పుడే ఆకలైతుందా?”

“నాకు గాదు.”

రొట్టెలు ఆవు నోటికి అందించాడు. జశుబేన్ తలుపు కొట్టడానికి మాత్రం చెయ్యి లేవలేదు.