ఏడూ ఇరవై కబురు

పొద్దున్నే చెప్పాల్సిన చావు కబురును రేడియో వాళ్ళు చల్లారాక, భోజనాల వేళ చెబుతున్నారని లోర్నా పక్కింటావిడ ఆర్డిస్ అన్నదట.

జుట్టు కత్తిరించే ఆవిడ ఆ మాటను తెచ్చి నేరుగా లోర్నా చెవిలోనే వేసింది, కత్తెర ఆపకుండా.

లోర్నాకు ఒళ్ళు మండింది. ఆ ఊరి రేడియో స్టేషన్లో ఏ కార్యక్రమం ఎప్పుడు రావాలో నిర్ణయించేది ఆమే. జనం నడుపుకునే స్టేషన్, ముగ్గురే ఉద్యోగులు. అమెరికాలోని డకోటా మైదానాల మీద అరవై మైళ్ళ దాకా వినిపిస్తుంది.

సెప్టెంబరులో ఆమె వేళలన్నీ మార్చింది. ఏళ్ళ తరబడి పొద్దున ఏడూ ఇరవైకి చదివే చావు కబుర్లను మధ్యాహ్నం పన్నెండుకు జరిపింది. పొద్దున్నే కాఫీ కప్పులోకి శవాలు ఎందుకు? ఆ వేళ రాజధాని వార్తలు తెగకుండా వస్తే జనం వేరే స్టేషనుకు పోరని ఆమె నమ్మకం.

ఊరు రెండు రోజులు గొణిగి ఊరుకుంది. ఒక్క మనిషి ఊరుకోలేదు.

"తొమ్మిదో నంబరు రోడ్డు నుంచి హాల్వర్ లిండ్‌ని మాట్లాడుతున్నానమ్మా."

"తెలుసండీ. నిన్నా మీరే."

"మొన్నా నేనే. కబుర్లు మళ్ళీ పొద్దుటికి మార్చారా?"

"లేదు."

"పన్నెండైతే నాకు కుదరదు."

"పన్నెండింటికి మీకంత పనేముంది?"

"అప్పుడేం లేదు. పొద్దున్నే ఉంటుంది. గడ్డం గీసుకోవాలి."

లోర్నా ఫోన్ పెట్టేసి, కబుర్లు చదివే కిప్ వైపు తిరిగింది.

"చావు కబురు వింటే గానీ గడ్డం గీసుకోడట."

"ఆ జాబితాలో తన పేరు లేదని తేలాక గీసుకుంటాడేమో. లేకపోతే సబ్బు దండగ కదా" అన్నాడు కిప్.

అక్టోబరంతా అదే వరస. చెవిలో జోరీగలా, సరిగ్గా ఏడూ ఇరవై ఒకటికి ఫోన్.

"ఇప్పుడే రాజధానిలో ఎవడో ఎవడినో తిట్టాడమ్మా. వాళ్ళలో ఎవరైనా పోయారా?"

"హాల్వర్ గారూ, నా కాఫీ చల్లారిపోతోంది."

"నాదెప్పుడో చల్లారింది."

ఒకరోజు లోర్నాకు ఓపిక చచ్చింది.

"మీ వాళ్ళెవరైనా మంచం మీదున్నారా?"

"నాకెవరూ లేరమ్మా."

"మరి ఎవరి కోసం ఈ గోల?"



"ఎవరైతేనేం. పదిన్నరలోపు తెలియాలి."

"అయితే మెర్ల్‌ని అడగండి. శవాలను పూడ్చే పని ఆయనది, నాది కాదు."

ఠపీమని పెట్టేసింది.

నవంబరులో ఏడూ ఇరవై ఒకటికి మోగడం ఆగిపోయింది. లోర్నా వేడివేడిగా కాఫీ తాగింది. "జోరీగ వదిలింది" అన్నాడు కిప్.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం కిప్ కబుర్లు చదువుతున్నాడు.

"హాల్వర్ లిండ్, ఎనభై మూడేళ్ళు. ఖననం ఈ ఉదయం పదిన్నరకు..."

అక్కడ ఆగిపోయాడు. అరవై మైళ్ళ మేర రేడియో మూగబోయింది.

లోర్నా కోటు వేసుకుని కారు తీసింది.

శ్మశానంలో గాలి కోసేస్తోంది. పెట్టెను గోతిలోకి దించే పట్టీలను మెర్ల్ ఒక్కడే చుట్టుకుంటున్నాడు. కొత్త మట్టి మీద ఒక్క పువ్వు లేదు.

"ఎవరూ రాలేదా మెర్ల్ గారూ?"

"పాస్టరు వచ్చాడు. గొయ్యి తీసే మనిషిని బతిమాలి పెట్టెను రెండో పక్క పట్టించాను."

"ఊరికి చెప్పొద్దూ?"

"రాత్రే మీకు కాగితం పంపానమ్మా. మీరు పన్నెండింటికి చదివారు."

లోర్నా చేతులు జేబుల్లో దోపుకుంది.

"ఈ కబుర్ల కోసం రెండు నెలలు నన్ను సతాయించాడు. ఎందుకని అడిగితే గడ్డం గీసుకోవాలనేవాడు."

"గీసుకునే వచ్చేవాడు. చుబుకం మీద ఎప్పుడూ ఓ గాటు."

"ఎక్కడికి?"

"ఇక్కడికే. పెద్ద కుటుంబాల చావైతే మూడు రోజుల ముందే అందరికీ తెలుస్తుంది. వృద్ధాశ్రమంలో నా అన్నవాళ్ళు లేనివాళ్ళు పోతే, రాత్రి మీకు కాగితం, పొద్దున పదిన్నరకు పూడ్చడం."

"మీరే ఆయనకు ఫోన్ చేసి ఉండొచ్చుగా?"

"చేస్తానన్నాను. 'నువ్వు పిలిచాక వస్తే పనికి వచ్చినట్టుంటుంది, నలుగురిలాగా రేడియోలో వినే వస్తాను' అన్నాడు. మీ వేళలు మారాక మూడుసార్లు మట్టి కప్పేశాక వచ్చాడు. టోపీ తీసి కాసేపు నిలబడి, కారెక్కి వెళ్ళిపోయేవాడు."



"రేపటి నుంచి ఏడూ ఇరవైకే చదివిస్తాను. వినే వాళ్ళు విని వస్తారు" అంది లోర్నా.

మెర్ల్ పట్టీల చుట్టను భుజానికి తగిలించుకున్నాడు.

"ఇంక ఏ వేళ చదివినా ఒకటేనమ్మా. దిక్కులేనివాళ్ళ పెట్టెకు చెయ్యి వేయడానికి విని వచ్చేవాడు ఈ ఊళ్ళో ఒక్కడే ఉండేవాడు, ఆయన్నే ఇవాళ దించేశాం."