మూడేసార్లు

అనకాపల్లి ఆసుపత్రిలో ఓపీ చీటీ కోసం చెయ్యి చాపగానే పావని కుడి భుజం జారింది.

పళ్లు బిగబట్టి, కీలును తనే లోపలికి నెట్టుకుంది.

పక్క బెంచీ మీద నూలుచీర కట్టుకున్న పెద్దావిడ అంతా చూసింది.

“ఇది ఎన్నోసారమ్మా?”

“మూడు.”

“మూడుసార్లకే ఇంత సులువుగా ఎక్కించుకోడం వచ్చేసిందేటి?”

పావనికి ఒళ్లు మండింది. నిజానికి అది పదోసారి. ఎనిమిది నెలల్లో వెయిట్‌లిఫ్టింగ్ అకాడమీ సెలెక్షన్. కోసి ఆపరేషన్ చేస్తే అప్పటికి బార్ పట్టలేనని ఆమె భయం.

“డాక్టరు దగ్గర, లాయరు దగ్గర అబద్ధం ఆడకూడదంటారు తల్లీ. నిజం సెప్పు. కోసి సెయ్యాలంటే సేయించుకో. ఒక ఏడాది పోతే పోనీ.”

“ఏడాది పోతే నా బతుకే పోద్ది. మీకేటి తెల్సండీ?”

విసురుగా లేచి లోపలికి వెళ్లింది.

డాక్టర్ స్కాన్ చూసి పెదవి విరిచాడు.

“ఎముక అరుగుదల అటూ ఇటూగా ఉంది. రెండు మూడుసార్లే జారితే కీహోల్ చాలు, చిన్న రంధ్రాల్లోంచి కుట్టేస్తాను. చాలాసార్లు జారి ఉంటే ఆ కుట్లు నిలవవు. కోసి, అరిగినచోట ఎముక ముక్క అతకాలి. ఎన్నిసార్లు?”

“మూడేసార్లండి.”

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు! స్టేట్ మెడల్ తెచ్చిపెట్టిన పట్టుదలే అబద్ధమూ ఆడించింది.

కీహోల్ చేశారు. కుట్లు మానాక కోచ్ నానాజీ చెప్పిన వ్యాయామం ఒక్కరోజు కూడా మానలేదు పావని.

సెలెక్షన్ రోజు వచ్చింది. బార్ తప్ప ఇంకేదీ చూడలేదు. ఎత్తింది. తలపైన చేతులు నిలిచాయి.

అంతలో భుజం జారింది. బార్ వెనక్కి పడింది.

నానాజీ పరుగెత్తుకొచ్చాడు. పావని ఏడుస్తోంది. నొప్పికి కాదు, తన మీద తనకే కోపం వచ్చి.

“మూడు కాదు సార్, ఇది పదకొండు. డాక్టరికి అంతా సెప్పేత్తాను. కోసే సెయ్యమంటాను. మళ్లీ వత్తాను, మళ్లీ ఎత్తుతాను.”

నానాజీ తలూపాడు.

“ఆస్పత్రిలో ఒకావిడ నిజం సెప్పమంది సార్. నేనే ఇన్లేదు.”

“ఆవిడకి నీ భుజం సంగతి చెప్పింది నేనే. తనెవరో నీకు చెప్పొద్దన్నారు.”

“ఎవరు సార్?”

“కాసులమ్మగారని, పోయిన్నెల రిటైరయ్యేదాకా ఈ అకాడమీకి డైరెక్టర్ ఆవిడే, నువ్వు నిజం చెప్తే ఏడాది పాటు నీకో సీటు ఆపి ఉంచుదామని ఆవేళ ఆసుపత్రికి వచ్చేరు.”